సీటు కింద నీలి సుద్ద

గోడకున్న కొక్కెం ఖాళీగా ఉంది.

కోడలు తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి, దాన్ని చూసి, తువ్వాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిన్న ఆసుపత్రిలో డ్యూటీ అయి ఆలస్యంగా వచ్చి, దీపం కూడా వేయకుండా వెళ్ళి పడుకుంది. అప్పుడు చూడలేదు.

"నా సైకిలేది?"

భర్త పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ముందు టీ తాగు," అన్నాడు.

"నేనడిగింది టీ కాదు."

"షాపులో ఉంది. నిన్న సాయంత్రం నేనే తీసుకెళ్ళి దింపాను. దాన్నిచ్చేసి ఇంకోటి తీసుకుందాం. ఇవాళ నీకు సెలవేగా, వెళ్ళి చూసుకుందాం."

అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. ఇంట్లో కూడా, కింది వరుస చదవమని అడుగుతున్నట్టే, నెమ్మదిగా, ఓపికగా మాట్లాడతాడు. కోపంలో ఉన్న మనిషికి ఆ ఓపికంత చిరాకు ఇంకోటి ఉండదు.

"నా వస్తువు నన్నడక్కుండా ఇవ్వడానికి మీరెవరు?"

"నీ మోకాలికి మొగుణ్ణి," అన్నాడతను. నవ్వుతుందనుకున్నాడు. అది సమయం కాదని అన్నాక తెలిసింది.

కిటికీ దగ్గర అత్తగారు కొడుకు ప్యాంటు అంచు సరిచేస్తోంది. ఏళ్ళ తరబడి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రిటైరైన మనిషి. నీలి సుద్దముక్క లేకపోతే ఆవిడకి చెయ్యి బోసిగా ఉంటుంది. గీత గీయబోతున్న ఆ సుద్ద ఇప్పుడు గుడ్డకి ఆనకుండా ఆగిపోయింది.

"పోయినవారం నువ్వు మెట్లు ఎలా దిగావో నేను చూశాను," అన్నాడు భర్త. "గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ. నేను కింద స్కూటర్ దగ్గరున్నాను. నన్ను చూడగానే ఏమీ లేనట్టు దిగావు."

అది నిజం.

మోకాలి చిప్ప ముందు, సన్నగా, సూదితో పొడిచినట్టు మొదలైన నొప్పి అది. ఆవిడ పనే ఎక్స్‌రేలు తీయడం. ఒకరోజు మధ్యాహ్నం తోటి ఉద్యోగిని బతిమాలి తన మోకాలికే తీయించుకుంది. ఎముక కడిగిన పళ్ళెంలా శుభ్రంగా ఉంది. తప్పెక్కడుందో ఎముక చెప్పలేదు. నొప్పి మాత్రం తగ్గలేదు.

"రేపు సాయంత్రానికి చెప్పాలి నేను, కొండెక్కే సైకిల్ పోటీకి వస్తానో రానో," అంది చివరికి. "జట్టులో మేం నలుగురం. నేను రాకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. మళ్ళీ నాకు చోటుండదు."

"రానని చెప్పు."

"ఎంత తేలిగ్గా అన్నారు."

"తేలిక్కాదు. కానీ కాలు ముఖ్యమా, కొండ ముఖ్యమా?"

దానికి ఆవిడ దగ్గర జవాబుంది గాని, చెబితే అర్థమయ్యే మనిషి కాదు ఎదురుగా ఉన్నది. కిటికీలు లేని గదిలో రోజంతా పరాయివాళ్ళ ఎముకలు చూసి చూసి, వారానికోసారి కొండెక్కి, పైన సైకిల్‌కి ఆనుకుని నిలబడి దమ్ము తీసుకుంటుందే, ఆ కాసేపే ఆవిడకి తన ఒళ్ళు తనదని గుర్తొస్తుంది. అది పోతే ఏం మిగులుతుందో ఆలోచించడానికే భయంగా ఉంది.

"మంచిది ఒకటి చూసి పెట్టాను," అతను ఉత్సాహంగా ముందుకి జరిగాడు. "తిన్నటి హ్యాండిల్, వెడల్పాటి సీటు, లావు టైర్లు. కూర్చుంటే సోఫాలో కూర్చున్నట్టుంది."

"సోఫాలో కూర్చుని కొండెక్కమంటారు."

"ఇప్పుడున్నదాని మీద నువ్వెలా ఉంటావో తెలుసా? కింద పడ్డ సూది వెతుక్కుంటున్నట్టుంటావు."

"చెప్పకుండా తీసుకెళ్ళడం తప్పురా," అంది అత్తగారు.

ఇద్దరూ అటు తిరిగారు. మొగుడూ పెళ్ళాల మాటల్లో తలదూరిస్తే చివరికి మిగిలేది తలనొప్పేనని ఆవిడ సిద్ధాంతం. ఇన్నేళ్ళలో ఒక్కసారి దాటలేదు.

"నీకెందుకమ్మా ఇది?"

"ఎందుకేమిటి. పొద్దున్నే లేచి చూస్తే అక్కడ లేదు. గుండె ఝల్లుమంది."

"సైకిల్ లేకపోతే నీ గుండె ఝల్లుమనడమేమిటి?"

"ఇంట్లో వస్తువు కాదూ," అని ఆవిడ మళ్ళీ ప్యాంటు మీదకి వంగింది. వంగినది వంగినట్టే, "షాపుకి నేనూ వస్తాను," అంది.

"నువ్వా? మెట్లు దిగి, అంత దూరం..."

"దిగుతాను. ఎక్కుతాను కూడా."

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. బాధ కలిగినప్పుడు అతను చేసే పని అది. పోయిన సంవత్సరం తల్లి ఆ మెట్ల మీదే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మలుపు దగ్గర గోడకి ఆనుకుని, ఎవర్నీ పిలవకుండా, అతను దుకాణం నుంచి వచ్చేదాకా కూర్చుని ఉంది. ఎందుకు కేక వెయ్యలేదని అడిగితే, పక్కింటివాళ్ళు నిద్రపోతున్నారేమోనని, అంది.

"ఈ ఇంట్లో ఇద్దరికిద్దరూ నొప్పి చెప్పరు," అన్నాడు మెల్లగా. "అంతా నేనే కనిపెట్టుకోవాలి. కనిపెట్టి ఏదన్నా చేస్తే నేను చెడ్డవాణ్ణి."

కోడలికి కోపం సగం దిగింది. అలా దిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అత్తగారు బయల్దేరేటప్పుడు పొడుగు చొక్కా కింద బూడిదరంగు ప్యాంటు వేసుకుని వచ్చింది.

"ఇదేమిటమ్మా ప్యాంటు?"

"మెట్లు దిగడానికి కాళ్ళకి అడ్డం రాదు. జాగ్రత్తగా ఉండమన్నావుగా."

ఆ ప్యాంటు ఎక్కడో చూసినట్టుందే అని అతనికి అనిపించింది గాని, ఊరందరికీ చూపు దిద్దే మనిషికి అది ఎక్కడో గుర్తురాలేదు.

*

సైకిళ్ళ షాపు యజమానికి వీధిలో వాళ్ళు పెట్టిన పేరు గాలిపంపు. టైర్లో గాలి కొడుతున్నంతసేపూ, కొట్టడం అయిపోయాక కూడా, నోరు ఆగదు. ముగ్గుర్నీ చూడగానే స్టూలు తుడిచి అత్తగారికి వేశాడు.

"కూర్చోండమ్మగారూ. మేడమ్, మీ బండి భద్రంగా ఉంది, కంగారు పడకండి. మీరు చెప్పందే నేను చెయ్యి వెయ్యను. సార్ మాట సార్‌దే, తొక్కేది మీరు కదా."

ఆ ఒక్క మాటతో కోడలికి అతని మీద మంచి అభిప్రాయం కలిగింది. భర్తకి పోయింది.

లోపల స్టాండు మీద ఆవిడ రేసు సైకిల్ ఉంది. పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిల్, వేలంత టైర్లు, అరచెయ్యంత సీటు. దాని పక్కన సోఫా సైకిల్. గోడవైపు ఇంకొకటి, మొదటిదానికి పెద్దక్కలాంటిది. అవే కొమ్ములు గాని జానెడు ఎత్తులో ఉన్నాయి. టైర్లు కొంచెం ఒళ్ళు చేశాయి.

"ముందు ఇది తొక్కి చూడు," భర్త సోఫాని ముందుకి తోశాడు.

కోడలు ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. నిజమే, వీపు నిటారుగా ఉంది, గుంతలు తెలియలేదు. కానీ గాలంతా వచ్చి ఛాతీకి కొట్టింది. ఎంత తొక్కినా సగం బలం సీటు కింద స్ప్రింగులే తినేస్తున్నాయి. తడిబట్టలతో నడిచినట్టుంది.

"ఎలా ఉంది?"

"కూరగాయలు తెచ్చుకోడానికి బాగుంటుంది."

"పోనీ మేడమ్, ఇది చూడండి," గాలిపంపు పెద్దక్కని దింపాడు. "దూరాలు పోయేవాళ్ళ కోసం చేసింది. వంగినా నడుం విరిగేంత వంగక్కర్లేదు. అలాగని నత్తనడకా కాదు. మీ బండంత చురుకు ఉండదు, అబద్ధం చెప్పను."

"అంటే రెంటికీ చెడ్డ రేవడన్నమాట," అంది కోడలు.

"ఎక్కి చూశాక తిట్టండి."

"నాకు నాదే కావాలి," అని ఆవిడ తన సైకిల్ దగ్గరికి నడిచింది.

గాలిపంపు దాని పక్కన గొంతుకూర్చుని, ఎక్కి కూర్చోమన్నాడు. పెడల్ అట్టడుగుకి తెచ్చి, కాలు చాపమన్నాడు. ఆ మోకాలి వంపు చూసి తల గోక్కున్నాడు.

"సీటు ఎవరు దించారు మేడమ్?"

"ఎవరూ దించలేదు. రెండేళ్ళ కిందట మీరు బిగించిందే."

"నేను బిగించింది ఇది కాదు. వేలెడు కిందికుంది. ఇంత కింద కూర్చుని కొండెక్కితే మోకాలు నొప్పెట్టక ఏం చేస్తుంది? సరైన ఎత్తుకి పెడితే పదిరోజుల్లో నొప్పి దానంతటదే పోతుంది."

కోడలు కిందికి దిగింది. వారాల తరబడి రాత్రిళ్ళు పక్కమీద అటూ ఇటూ దొర్లి, ఇక వయసైపోయింది, ఇంతే రాసిపెట్టుంది అని సరిపెట్టుకోబోయిన నొప్పి. అది తన ఒంట్లోది కాదు, వేలెడు ఇనపగొట్టంలోది.

"బిగువు జారిపోయే సైకిలన్నమాట," అన్నాడు భర్త. "చూశావా? రేపు దిగుడులో జారితే? ఇక దీని మాటెత్తకు." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అతనికి.

"జారితే ఒక్కసారే జారుతుంది సార్," గాలిపంపు గొణిగాడు. "ఇది చేత్తో పెట్టినట్టుంది."

కోడలు సీటు కింద గొట్టం మీద వేలు రాసింది. వేలికి నీలంగా ఏదో అంటింది. ఆదివారం ఆదివారం సైకిల్ తడిగుడ్డతో తుడిచేటప్పుడు ఈ నీలం ఇదివరకూ కనిపించింది. ఏదో దారిలో దుమ్ము అనుకుని తుడిచేసింది.

ఆవిడ స్టూలు వైపు చూడలేదు. చూడాలనిపించలేదు. దొంగకి తేలు కుట్టినట్టు అత్తగారు ఎంత నిశ్శబ్దంగా కూర్చుందో చూడకుండానే తెలుస్తోంది.

"అమ్మగారూ, మీరేమంటారు?" గాలిపంపు వాతావరణం తేలికపరచబోయాడు. "పోనీ మీరో రౌండు వేస్తారా?"

భర్త పెద్దగా నవ్వాడు. "అమ్మా? స్కూటర్ వెనక కూర్చుంటేనే నా చొక్కా చిరిగేలా పట్టుకుంటుంది."

అత్తగారు లేచింది. గోడ పక్కనున్న పెద్దక్క దగ్గరికి వెళ్ళి, ఊరికే చూస్తున్నట్టు హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. వేళ్ళు వాటంతటవే బ్రేకు నొక్కి పట్టుకున్నాయి. కుడికాలి చెప్పుతో పెడల్‌ని కింద నుంచి లేపి, వెనక్కి తిప్పి, మొదటి తొక్కుకి అనువుగా పైకి తెచ్చి నిలిపింది.

ఎప్పుడో నేర్చుకుని వదిలేసినవాళ్ళు చేసే పని కాదది. రోజూ తొక్కేవాళ్ళు తెలియకుండా చేసే పని.

కోడలు చూసింది. కోడలు చూసిందని అత్తగారు చూసింది. భర్త అప్పుడు సోఫా సైకిల్ బెల్లు మోగించి చూసుకుంటున్నాడు.

*

షాపు వెనక టైర్లు వేలాడదీసిన చోట రబ్బరు వాసన ముక్కు పగిలేలా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కోడలు.

"చెయ్యి కట్టు విప్పిన తర్వాత, వానలు తగ్గాక." అత్తగారు భుజాన సంచీ సవరించుకుంది. "మీరిద్దరూ వెళ్ళాక కాలవగట్టు దాకా వెళ్ళి వచ్చేస్తాను. నీకంటే పొట్టిదాన్ని కదా, సీటు దించుకోవాలి. దించేముందు సుద్దతో గీత పెడతాను, మళ్ళీ అక్కడికే పెట్టడానికి. గొట్టం లోపలికి దిగేటప్పుడు అది సగం చెరిగిపోతుంది, మిగిలింది నువ్వు ఆదివారం తుడిచేస్తావు. అందుకే వేళ్ళతో కొలుచుకుని పెడుతున్నాను. సరిగ్గానే పెడుతున్నాననుకున్నానమ్మాయ్. గుడ్డ మీదయితే నా వేలికొలత ఎప్పుడూ తప్పలేదు."

"నేను కుంటుతుంటే చూశారు."

"చూశాను."

"నూనె కాచి రాశారు మోకాలికి."

"దానివల్లేనని నాకు తెలిస్తేగా. ఇప్పుడు అతను చెబుతుంటే భూమిలోకి పోవాలనిపించింది."

కోడలికి కోపం ముంచుకొచ్చింది. అడిగితే ఇవ్వనా అనే కోపం, అడగనందుకు కోపం. పోయిన ఆదివారం సాధనలో మిగతా ముగ్గురూ మలుపు తిరిగి కనుమరుగైపోతే, రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఏడ్చింది తను.

"ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదత్తయ్యా."

"నీకు చెబితే వాడికి చెప్పకుండా ఉంటావా? వాడికి తెలిస్తే ఆ కొక్కేనికి తాళం పడుతుంది." అత్తగారు వేలాడుతున్న టైరుని ఊరికే నిమిరింది. "వాడిది ప్రేమే. కాదనను. పొద్దున్న లేస్తే 'మెల్లగా అమ్మా', పడుకునేదాకా 'మెల్లగా అమ్మా'. వినీ వినీ నిజంగానే కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి నాకు. గట్టు మీద ఎవరూ మెల్లగా అనరు. అక్కడ నా కాళ్ళు వణకవు."

లోపల గాలిపంపు భర్తకి గేర్ల గురించి చెబుతున్నది వినిపిస్తోంది.

"నేనే చెప్పేస్తాను వాడికి," అంది అత్తగారు. "సీటు పైకెత్తిస్తే నీ సైకిల్ నీకు సరిపోతుంది. నువ్వు పోటీకెళ్ళు. నాదేముంది, ఇన్నాళ్ళు తిరిగాను."

న్యాయంగా చూస్తే అంతే. తన మోకాలు బాగవుతుంది, జట్టులో చోటు నిలుస్తుంది. అత్తగారు మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీలోకి వెళ్ళిపోతుంది. తనకి కొండ ఉంటుంది, ఆవిడకి గట్టు ఉండదు. ఆ లెక్క కోడలికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పగలిగేంత తీరిగ్గా కోపం ఇంకా చల్లారలేదు.

"ఆ కొమ్ముల మీద వంగితే మీ మణికట్టు నొప్పెట్టదూ?" అంది ముభావంగా.

"పెడుతుంది. వచ్చాక వేడినీళ్ళలో పెట్టుకుంటాను."

"ఇంట్లో ఎవరూ నొప్పి చెప్పరని ఆయనన్నది నిజమే," అని కోడలు లోపలికి నడిచింది.

*

"ఆ గోడ పక్కన సైకిల్ తియ్యండి," అంది గాలిపంపుతో. "సీటు నాకు సరైన ఎత్తులో పెట్టండి."

షాపు పక్క సందు నీళ్ళ ట్యాంకు దాకా నిటారుగా ఎక్కుతుంది. కోడలు ఆ సందులోకి తిప్పింది. మొదట్లో సైకిల్ కొంచెం మొండికేసింది. పాతదయితే కాలు వెయ్యకముందే ఎగిరేది. కానీ సగం దారిలో ఆవిడకి ఒక సంగతి తెలిసింది. మెడ పట్టెయ్యలేదు. అరచేతులు తిమ్మిరెక్కలేదు. మోకాలు పొడిచింది గాని, ఎప్పట్లా కేక వెయ్యలేదు. ట్యాంకు దగ్గర ఆగి చూసుకుంటే ఊపిరి ఇంకా మిగిలి ఉంది.

పాత సైకిల్ మీద కొండెక్కినప్పుడల్లా పైన నిలబడి దమ్ము తీసుకునేది. అది గెలుపనుకుంది ఇన్నాళ్ళూ. అందులో సగం ఆయాసమేనని ఇప్పుడు అర్థమైంది. రెంటికీ చెడ్డ రేవడి కాదు ఇది. రెండు రేవులూ తెలిసినది.

దిగి వచ్చేసరికి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖంలో భయం దాచుకోలేకపోయాడు.

"ఎలా ఉంది కాలు?"

"ఉంది. బాగవుతుంది." ఈసారి దాచకుండా చెప్పింది. "నొప్పి ఉంది, రాత్రిళ్ళు ఎక్కువ. ఇకమీద ఉంటే చెబుతాను. మీరు మాత్రం చెప్పకుండా నా వస్తువు కదపకండి."

అతను తల ఊపాడు. "ఇది తీసుకుంటావా? సోఫా వద్దా?"

"ఇదే. పాతది ఇచ్చేద్దాం, కొండకి కూడా దీంతోనే వెళ్తాను. జట్టువాళ్ళకి వస్తానని చెప్పేస్తాను."

అతనికి సగమే సంతోషమైంది. ఆ సగమైనా దక్కినందుకు నోరు మూసుకున్నాడు.

కోడలు గాలిపంపు వైపు తిరిగింది. "సీటు బిగింపు కీతో తిప్పేది కాకుండా, చేత్తో తిప్పేది వెయ్యండి. గొట్టం మీద గుర్తులు కూడా పెట్టండి. రెండు గీతలు. సుద్దతో కాదు, తుడిస్తే పోతుంది. చెరగనిదానితో పెట్టండి."

స్టూలు మీద అత్తగారు తలెత్తింది.

గాలిపంపు తెల్లరంగు సీసా, సన్నటి కుంచె తెచ్చి, గొట్టం మీద మొదటి గీత గీశాడు. ఆ తర్వాత కుంచె పట్టుకుని ఆగాడు.

"రెండో గీత ఎక్కడ మేడమ్? ఎక్కే మనిషిని కూర్చోబెట్టి చూడందే పెట్టలేను."

"రెండోదా?" అన్నాడు భర్త. "రెండోది ఎవరికి?"

కోడలు స్టూలు వైపు చూసింది. చెప్పవలసింది తను కాదు. ఇంత చేసి, ఆవిడ లేవకపోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకోలేదు. గాలిపంపు సైతం నోరు మూసుకుని నిలబడ్డాడు.

అత్తగారు లేచింది. వచ్చి, భుజానున్న సంచీ తీసి కొడుకు చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో," అంది.

అతను పట్టుకున్నాడు. ఆవిడ హ్యాండిల్ అందుకుని సైకిల్‌ని గుమ్మం వైపు తిప్పింది. వేళ్ళు బ్రేకు మీద బిగిశాయి. కాలు పెడల్‌ని లేపి పైకి తెచ్చింది. ఈసారి అతను చూశాడు. ఆ కాలు చూశాడు, ఆ కాలికున్న బూడిదరంగు ప్యాంటు చూశాడు. అది రెండేళ్ళ కిందట తను పారేసిన ప్యాంటని గుర్తుపట్టాడు. చీలమండ దగ్గర గొలుసులో పడకుండా బిగించి కుట్టి ఉంది. ఆ అంచుకి నల్లగా గొలుసు నూనె అంటి, ఉతికినా పోని మరక ఉంది.

"అమ్మా," అన్నాడు. మెల్లగా అనే రెండో మాట నోటిదాకా వచ్చి ఆగింది.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"కొంచెం పక్కకి జరుగు నాయనా," అంది. "దారిలో ఉన్నావు."